తమ్ముడి చేతిలో చెంబు

చిన్నీ, బుజ్జీ,

తమ్ముడు వంటింట్లో చెంబెడు నీళ్లు ఒలకబోశాడని, మీరిద్దరూ చెంబు లాక్కుంటే గుక్కపట్టి ఏడ్చాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ మీద కోపమేమీ లేదు కానీ, ఒక మాట చెప్పాలి.

మూడేళ్లవాడికి నీళ్లు వంచడం ఎంత పెద్ద పనో ఈసారి పక్కన కూర్చుని చూడండి. మొదట ఒక్కసారిగా వంచేస్తాడు. సగం నేలపాలు. రెండోసారి నాలుక బయటపెట్టి, మణికట్టు మెల్లగా తిప్పి, అంచు దాకా రాగానే ఆపబోతాడు. అలా ఆపడం మాటలతో నేర్పలేం. రేపు పెన్సిల్ పట్టేదీ ఆ వేళ్లే.

ఇంకో తమాషా. రెండు ఒకేలాంటి గాజు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోయండి. వాడు చూస్తుండగానే ఒకదానిలోవి సన్నటి పొడుగు గ్లాసులోకి మార్చండి. ఎందులో ఎక్కువున్నాయిరా అంటే పొడుగుదాన్నే చూపిస్తాడు. నవ్వకండి, మీరూ పాల గ్లాసుల దగ్గర ఇలాగే కొట్టుకునేవాళ్లు! స్విట్జర్లాండ్‌లో పియాజే అనే ఆయన పిల్లలతో ఇదే చేసి చూశాడు. ఏడేళ్లు వచ్చేదాకా చాలామంది అంతేనట. వాదించి లాభం లేదు.

మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ 1907లో రోమ్‌లో పేదల పేటలో బడి పెట్టి, పిల్లల చేతికి ఇలాంటి పనులే ఇచ్చింది. గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలితో దిద్దించింది. 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల చాలా ఏళ్లు మన దేశంలోనే ఉండిపోయింది. ఆ గరుకు అక్షరాల సంగతి తెలిసినప్పుడు నాకు మా అరుగు గుర్తొచ్చింది. మేమూ ఇసుకలో వేలు మండేదాకా దిద్దినవాళ్లమే. కాకపోతే తప్పు రాస్తే మా పంతులుగారు ఆ వేళ్ల మీదే బెత్తంతో వేసేవారు. ఇప్పటికీ 'ఋ' రాయాలంటే చెయ్యి ఓ క్షణం ఆగుతుంది.

నాకు లెక్క అబ్బింది మాత్రం మా నాయనమ్మ దగ్గర, వామనగుంటల్లో. గింజలు పంచకముందే ఆఖరిది ఏ గుంటలో పడుతుందో చెప్పేసేవాణ్ణి. "దొంగ వెధవా" అని మురిసిపోయేది.

ఇక మీదట తమ్ముడికి చెంబులో సగమే నీళ్లివ్వండి, కింద పళ్లెం పెట్టండి. ఒలికితే గుడ్డ వాడికే ఇవ్వండి, తుడవడమూ వాడికి ఆటే. నీళ్ల బకెట్ దగ్గర మాత్రం ఒంటరిగా వదలొద్దు. సంక్రాంతికి మీరొచ్చేసరికి వామనగుంటల పీట కడిగి ఉంచుతాను. చింతగింజలు డబ్బాలో ఉన్నాయి.

మీ తాతయ్య