పాలిమర్ క్లే ఓవెన్‌లో ఎందుకు గట్టిపడుతుంది?

చెన్నై వెస్ట్ మాంబళం నుంచి ఒక అమ్మ అడిగారు: "దసరా బొమ్మల కొలువుకి మా ఐదేళ్ల పాప పాలిమర్ క్లేతో చిలకలు చేస్తానంటోందండీ, ఇవ్వచ్చా?" ఇవ్వచ్చు. ఓవెన్ పని మాత్రం మీరే చూసుకోండి. ఎందుకో వివరంగా చెప్తాను, నాకు భలే ఇష్టమైన సంగతి ఇది.

ఇందులో మట్టి ఉండదు. నీళ్ల పైపులు చేసే పీవీసీనే మెత్తటి పొడి చేసి, ప్లాస్టిసైజర్ అనే జిడ్డు ద్రవంతో ముద్ద కలుపుతారు. సగ్గుబియ్యం వడియాలు పెట్టినవాళ్లకి మిగతాది ఇట్టే అర్థమవుతుంది. చన్నీళ్లలో ఏ గింజకా గింజ విడిగా ఉంటుంది. పొయ్యెక్కించాక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, అంచు కరిగి పక్క గింజలో కలిసిపోతుంది. పీవీసీ రేణువులూ 110–130 డిగ్రీల సెల్సియస్ దగ్గర ప్లాస్టిసైజర్‌ని పీల్చి, ఉబ్బి, వాటి పొడవాటి అణుగొలుసులు ఒకదాంట్లోకొకటి చొచ్చుకుపోయి ఏకఖండమవుతాయి. సరిగ్గా ఉడకని సగ్గుబియ్యంలో తెల్లటి పలుకు మిగులుతుంది కదా, వేడి చాలని బొమ్మలోనూ అంతే: చిలక ముక్కు పుటుక్కున విరుగుతుంది. వడియంలో నీరు ఎండకి ఆరిపోతుంది, ఇక్కడ ప్లాస్టిసైజర్ లోపలే ఉండిపోతుంది. అందుకే బాగా కాలిన పల్చటి రెక్క వంచితే వంగుతుంది.

బడిలో థర్మోప్లాస్టిక్ (వేడికి మళ్లీ మళ్లీ మెత్తబడేది), థర్మోసెట్ (గొలుసుల మధ్య రసాయన బంధాలు పుట్టి శాశ్వతంగా గట్టిపడేది) అని రెండు గడులు గీయించి అప్పజెప్పించుకుంటారు. వేడికి గట్టిపడింది కదా అని పిల్లలు దీన్ని రెండో గడిలో వేస్తారు. తప్పు. గొలుసుల మధ్య కొత్త రసాయన బంధాలేవీ పుట్టవు. టీచర్లు ఈ చిలకనే బల్ల మీద పెట్టి పాఠం చెప్తే ఎంత బాగుంటుంది!

పచ్చి ముద్దని కొన్ని రకాల ప్లాస్టిక్ డబ్బాల్లో పెడితే, ప్లాస్టిసైజర్ పాకి డబ్బా జిగటగా అవుతుంది. చేతికీ అలాగే అంటుతుంది. వాసన రాకపోతే విషం లేనట్టేనని మన ఇళ్లలో ఒక గుడ్డి నమ్మకం. జంతిక ముట్టుకునేముందు సబ్బుతో చేతులు కడిగించండి. ఈ ముద్ద ఒత్తడానికి వాడిన అప్పడాల కర్రని మళ్లీ వంటింట్లోకి తేకండి. థాలేట్లనే పాత ప్లాస్టిసైజర్లలో కొన్నింటిని అమెరికా 2008 చట్టం పిల్లల బొమ్మల్లో 0.1 శాతానికి మించనివ్వలేదు. కాబట్టి ఊరూపేరూ లేని ప్యాకెట్ కొనకండి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే అసలే వద్దు.

ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) మీద ఉండే అంకెని నమ్మకుండా లోపల వేరే థర్మామీటర్ పెట్టండి. వేడి 180 డిగ్రీలు దాటితే పీవీసీ విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. కంట్లో, ముక్కులో తడి తగలగానే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఘాటు తగిలితే ఓవెన్ ఆపి, కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపండి. పాప దీపావళికి ప్రమిదలు కూడా చేస్తానంటే ఒప్పుకోకండి. వత్తి మంట ఆ 180కి ఎన్నో రెట్లు వేడి, దానికి కుమ్మరి మట్టే కావాలి.