వాల్తేరు వాకిట్లో సముద్రం

ఏప్రిల్‌లో విశాఖ ఇసుక మీద మిట్టమధ్యాహ్నం కాలు పెట్టలేం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒడ్డును ఆనుకున్న సముద్రపు పైనీరు, దూరాన ఉన్న పైనీటి కంటే చల్లగా ఉంటుంది. ఎండ రెండుచోట్లా ఒకటే కదా, మరి ఈ తేడా ఎక్కడిది? దీన్ని పట్టుకుని పరిశోధించింది ఆ ఒడ్డునే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఎదురుగా కనిపించేదాన్నే ప్రశ్నగా మలుచుకున్న తీరు వల్లే నాకు ఆ విద్యాలయమంటే ప్రత్యేకమైన ఇష్టం.

1926లో మద్రాసు శాసనసభ చట్టంతో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరింది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, ఆయన తర్వాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్. ప్రయోగశాలలకు డబ్బు కావాలి. ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలిచ్చి ఆదుకున్నాడు. ఆనాటి లక్ష! సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. అక్కడికి సి.వి.రామన్ శిష్యుడు సూరి భగవంతం భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చారు. రసాయనశాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి పత్తిపూలను ముందేసుకుని, వాటి పసుపు వెనకున్న ఫ్లేవనాయిడ్లను ఒక్కొక్కటిగా వేరుచేశారు. రైతు గింజ కోసం, దూది కోసం చూసే మొక్కలో ఆయన రంగును చదివారు. గణాంకశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధుడైన సి.ఆర్.రావు గణితంలో ఎం.ఏ. చేసిందీ ఇక్కడే.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. యుద్ధకాలంలో విద్యాలయం గుంటూరుకు తరలి, మళ్లీ సొంతగూటికి చేరింది.

ఆ తర్వాత చూపు సముద్రం వైపు మళ్లింది. భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి.మహదేవన్ బృందం మొదట ఒడ్డున ఇసుకనే పరీక్షించింది. విశాఖ బీచ్‌లో అల వెనక్కి తగ్గినప్పుడు నల్లని చారలు కనిపిస్తాయి, చూసే ఉంటారు. అది మురికి కాదు. తూర్పు కనుమల రాళ్లు అరిగి కొట్టుకొచ్చిన ఇల్మెనైట్ వంటి బరువైన ఖనిజాలు. తేలికైన ఇసుకను అల లాక్కుపోతుంది, బరువైనవి మిగిలిపోతాయి.

1950ల తొలినాళ్లలో అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, అమెరికా ప్రభుత్వపు ఫుల్‌బ్రైట్ పథకం కింద ఆచార్యుడిగా వచ్చాడు. నౌకాదళ ఓడలెక్కి ఇక్కడివాళ్లతో కలిసి బంగాళాఖాతాన్ని కొలిచాడు. ఆ రోజుల్లో లోతు నీటి వేడిని కొలవడమే ఒక విద్య. మామూలు థర్మామీటరు పైకి లాగేలోపే మారిపోతుంది. అందుకే తీగకు కట్టి దించి, పైనుంచి ఓ బరువును జారవిడిచేవారు. అది తగలగానే పరికరం తలకిందులయ్యేది, లోపలి పాదరసం తెగి ఆ క్షణపు కొలత అలాగే నిలిచిపోయేది.

ఆ కొలతల్లో ఏప్రిల్ చలువ గుట్టు దొరికింది. వేసవిలో గాలి నైరుతి నుంచి తీరం వెంబడే వీస్తుంది. నీరు గాలి వెంట నేరుగా పోదు. భూమి తిరుగుడు వల్ల ఉత్తరార్ధగోళంలో పైపొర మొత్తంగా గాలికి కుడివైపుకు జరుగుతుంది. మన తీరంలో కుడివైపంటే నడిసముద్రం. పైనీరు అటు పోయిన జాగాలోకి కిందినుంచి చల్లనీరు ఊరుతుంది. పోషక లవణాలనూ మోసుకొస్తుంది. వాటితో నీటిలోని సూక్ష్మమొక్కలు పెరుగుతాయి, వాటి మీద ఆధారపడి చేపలు. శరదృతువులో గాలి తిరగబడి ఈశాన్యం నుంచి వీస్తే అంతా తారుమారు. పైనీరు ఒడ్డుకు నెట్టుకొచ్చి కిందికి దిగుతుంది.

1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో భాగంగా ‘ఆంటన్ బ్రున్’ అనే ఓడ ఈ తీరానికి ఎదురుగా, ఖండపు వాలు మీద, అంటే తీరపు మెరక దాటాక సముద్రగర్భం లోతుకు వాలే చోట, మూడు లోయలను గుర్తించింది. ఒకదానికి ఆంధ్రా అని విశ్వవిద్యాలయం పేరు, రెండోదానికి మహదేవన్ పేరు పెట్టారు. మూడోది కృష్ణా. వినగానే నది గుర్తొస్తుంది కానీ, అది 1949 నుంచి 1961 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్న వి.ఎస్.కృష్ణ పేరు.