100 బల్బా, 60 బల్బా?

తిరుపతిలో మధ్యాహ్నం రెండు గంటల పీరియడ్ ఏ మాస్టారికీ వద్దు. చంద్రగిరి, పాకాల, పుత్తూరు వైపుల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లలు అప్పుడే క్యారియర్లు ఖాళీ చేసి కూర్చుంటారు. పైన ఫ్యాను వేడి గాలినే తిప్పుతుంటుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పే నాకు ఆ పీరియడ్ చాలా ఏళ్లు ఒకే తీరుగా గడిచింది. నలభై నిమిషాలు నేను మాట్లాడేవాణ్ణి. చివర్లో "అర్థమైందా?" అనేవాణ్ణి. క్లాసంతా ఒకే గొంతుతో "అర్థమైంది సార్" అనేది. తీరా వర్క్‌షాప్‌కి వెళ్తే స్విచ్‌ని ఫేజ్‌లో (కరెంటు వచ్చే తీగలో) కాకుండా న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే తీగలో) కలిపేవాడు కనిపించేవాడు. స్విచ్ వేస్తే బల్బు వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. కాబట్టి తప్పు చేశానని వాడికి తెలీదు. ఆరిపోయిన బల్బు హోల్డర్‌లో మాత్రం కరెంటు అలాగే ఉంటుంది.

ఆ "అర్థమైంది" అబద్ధమని మొదట్లో అనుకునేవాణ్ణి. కాదు, వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్రం క్లాసుల మీద వచ్చిన ఒక పరిశోధనలో కొందరు పిల్లలు చక్కటి లెక్చర్ విన్నారు. మిగతావాళ్లు అదే పాఠాన్ని లెక్కలతో కుస్తీ పడుతూ నేర్చుకున్నారు. పరీక్ష పెడితే కుస్తీ పడ్డవాళ్లకే ఎక్కువ వచ్చింది. ఎక్కువ నేర్చుకున్నామని అనిపించింది మాత్రం లెక్చర్ విన్నవాళ్లకు. మాస్టారు తడుముకోకుండా చెబుతుంటే ఆ ధారాళం మనదేనని మెదడు భ్రమపడుతుంది. బాగా చెబుతానని పేరున్నవాళ్లం ఈ మాట కాస్త గట్టిగానే గుర్తు పెట్టుకోవాలి.

అందుకే ఇప్పుడు సిరీస్ సర్క్యూట్ (బల్బులు ఒకదాని వెనక ఒకటి ఒకే తీగ దారిలో ఉండే సర్క్యూట్) పాఠాన్ని ఓమ్ సూత్రంతో మొదలుపెట్టను. పాత గుండు బల్బులు రెండు తెస్తాను, ఒకటి 100 వాట్లది, ఇంకోటి 60ది. చెక్క బోర్డు మీద సిరీస్‌లో బిగించి, స్విచ్ వేయకుండా అడుగుతాను: "ఏది ఎక్కువ వెలుగుతుంది?" దాదాపు అందరూ 100కే చేతులెత్తుతారు. "పక్కవాడికి ఎందుకో చెప్పండి" అంటాను. నిద్ర వదిలేది అప్పుడే. రెండు నిమిషాలు గోలగోలగా ఉంటుంది. మళ్లీ చేతులెత్తమంటే కొందరు 60కి మారతారు. అప్పుడు స్విచ్ వేస్తాను.

60 బల్బు ప్రకాశంగా వెలుగుతుంది. 100 బల్బు మిణుకుమంటుంది.

బల్బు మీద రాసిన వాట్లు దానికి 230 వోల్టులూ పూర్తిగా అందినప్పటి లెక్క. ఆ లెక్కన 100 బల్బు నిరోధం దాదాపు 529 ఓములు, 60ది 882. సిరీస్‌లో రెండింటి గుండా వెళ్లేది ఒకటే కరెంటు కాబట్టి, నిరోధం ఎక్కువున్న బల్బే ఎక్కువ వోల్టేజిని తీసుకుంటుంది, ఎక్కువ వెలుగుతుంది. ఇదే నేను ముందే చెప్పి ఉంటే నోట్సులో ఒక లైనయ్యేది. ముందు పందెం కాసి ఓడిపోయారు కాబట్టి కారణం కావాలని వాళ్లే అడుగుతారు. ముందు ఎవరికి వారు జవాబు చెప్పడం, పక్కవాడితో వాదించడం, మళ్లీ చెప్పడం అనే ఈ పద్ధతిని 1990లలో హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ప్రచారంలోకి తెచ్చాడు.

దీనికంటే కష్టమైన పని నోరు మూసుకోవడం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల రికార్డింగులు విని, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది దాదాపు ఒక్క సెకనేనని తేల్చింది. కనీసం మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. మూడు సెకన్లే కదా అనుకుంటాం గానీ క్లాసులో అదొక యుగం. నేను మనసులో "ఏడుకొండలవాడా, వెంకటరమణా, గోవిందా గోవింద" అనుకుంటాను. తీరిగ్గా ఒకసారి అనుకుంటే సరిపోతుంది.

ఇంకో చిన్న పని ఉంది. సోమవారం మొదటి ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి, పోయిన వారం మెట్ల లైటు కనెక్షన్ చూడకుండా గీయమంటాను. మార్కులుండవు. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత అడిగితే పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే కథ తిరగబడింది. ఒకసారి చదివి, ఒకసారి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతమే.

అలాగని అన్నీ "నువ్వే కనుక్కో" అంటే కుదరదు. మొదటిసారి మెగ్గర్ (తీగల ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు) పట్టుకున్నవాడికి అది పాఠం కాదు, టెన్షన్. శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకునేవాడికి గురువు కలం ఎటు వంగుతోందో, ఎక్కడ ఆగుతోందో కళ్లముందే కనిపిస్తుంది. మా పనిలో చేయి కనిపిస్తుంది గానీ ఆలోచన కనిపించదు. కాబట్టి ఫాల్ట్ వెతికేటప్పుడు పైకే మాట్లాడతాను: "బల్బు వెలగలేదు. పక్క గదిలో లైటుంది, అంటే మెయిన్ బాగానే ఉంది. ఇప్పుడు ఈ సర్క్యూట్ ఫ్యూజు చూస్తా." ఒక్కోసారి తప్పు దారి పడతాను. అదీ పైకే చెబుతాను, మొదట్లో నామోషీగా ఉండేది.

ఇప్పుడు పీరియడ్ చివర "అర్థమైందా" అనడం మానేశాను. మొన్న ఇలా అడిగాను: "స్విచ్‌ని న్యూట్రల్‌లో పెట్టి, స్విచ్ తీసేస్తే ఏమవుతుంది?" ఎవరూ పలకలేదు. ఫ్యాను చప్పుడే వినిపించింది. మనసులో గోవిందా గోవింద దాకా వచ్చేశాను. వెనక బెంచీ నుంచి పాకాల పిల్లోడు మెల్లగా అన్నాడు: "బల్బు ఆరిపోతాది సార్. కానీ హోల్డర్లో చెయ్యి పెడితే కొడతాది."