పోపు గారి ఆంతరంగిక సమావేశాలు: అపోహలు – వాస్తవాలు

చిత్తూరు ప్రాంతపు కతోలిక విచారణలలో (పారిష్‌లలో) నేను చాలా ఏళ్లుగా ఉపదేశిగా పనిచేస్తున్నాను. 2015 సెప్టెంబరు 24న వాషింగ్టన్‌లోని వాటికన్ రాయబారి నివాసంలో అప్పటి పోప్ ఫ్రాన్సిస్ గారు కిమ్ డేవిస్‌ను కలిసిన సంగతిని ఆదివారం పూజ ముగిశాక ఇప్పటికీ ఎవరో ఒకరు ప్రస్తావిస్తూనే ఉంటారు. ఆమె అప్పట్లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఒక కౌంటీ క్లర్కు, అంటే వివాహ లైసెన్సులు ఇచ్చే స్థానిక అధికారిణి. స్వలింగ జంటలకు వివాహ లైసెన్సులు ఇవ్వాలన్న కోర్టు ఆదేశాన్ని పాటించక అయిదు రోజులు జైలులో ఉన్నారు.

అపోహ: పోపు గారు కలిశారంటే ఆమె పక్షం వహించినట్టే.

వాస్తవం: రోమ్‌లో పోపు గారు ఇచ్చే అధికారిక దర్శనాల వివరాలు వాటికన్ పత్రికా కార్యాలయం వెలువరించే దినసరి ప్రకటనలో పేర్లతో సహా వస్తాయి. ప్రయాణంలో రాయబారి పిలిచిన వారిని బయలుదేరే ముందు పలకరించడం వేరే సంగతి. ఆ రోజు అలా పలకరింపు అందుకున్నవారు కొన్ని పదుల మంది ఉన్నారనీ, ఆ కలయికను డేవిస్ వైఖరికి మద్దతుగా భావించరాదనీ వాటికన్ ప్రతినిధి ఫాదర్ లొంబార్డి అక్టోబరు 2న ప్రకటించారు. రాయబారి నివాసంలో పోపు గారు అసలైన దర్శనం ఇచ్చింది తమ పూర్వ విద్యార్థి ఒకరికేనని కూడా ఆ ప్రకటన చెప్పింది. ఆ విద్యార్థి తన స్వలింగ భాగస్వామితో కలిసి వచ్చినట్టు తరువాత తెలిసింది.

తిరుపతిలో ఒక పెద్దావిడ నన్ను, "పోపు గారు డేవిస్‌కు జపమాల ఇచ్చారంట కదా నాయనా, అది ఆశీర్వాదం కాదా?" అని అడిగింది. పోపు గారు తమను కలిసే ఎందరికో జపమాల ఇస్తారు, అది ఒక తీర్పు కాదు. డేవిస్ కతోలికురాలు కూడా కాదు. ఆ జపమాలలను కతోలికులైన తన తల్లిదండ్రులకు ఇచ్చానని ఆమే చెప్పారు. మన మేత్రాణులు (బిషప్) విచారణకు వచ్చినప్పుడు ఉంగరం ముద్దుపెట్టుకుని ఫొటో దిగి, దానిని ఇంట్లో గోడకు తగిలించుకున్న ప్రతివారి గొడవలూ మేత్రాణులకు తెలిసే ఉంటాయని మనం అనుకోము కదా.

అపోహ: జరిగిందేమిటో అప్పుడే పూర్తిగా తేలిపోయింది.

వాస్తవం: తేలలేదు. పోపు గారు తనను కౌగిలించుకుని ధైర్యంగా ఉండమన్నారని డేవిస్ చెప్పారు. ఆమె పరిస్థితి వివరాల్లోకి పోపు గారు వెళ్లలేదని వాటికన్ చెప్పింది. అప్పటి రాయబారి, ఆర్చిబిషప్ విగనో, తాను పోపు గారికి ముందుగానే విషయం వివరించానని 2018లో రాశారు. ఈ మాటలు ఒకదానితో ఒకటి పొసగవు కాబట్టి, ఒకదానినే నిజమని పట్టుకుని వాదించేవారికి నేను తోడు రాలేను.

అపోహ: ఇలాంటి విషయాలలో అనుమానపడటం విశ్వాస లోపం.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. 1870లో మొదటి వాటికన్ మహాసభ నిర్వచించిన పొరపడనితనం, అంటే పోపు గారి బోధలో తప్పు ఉండదన్న సూత్రం, విశ్వాస నైతిక విషయాలలో పోపు గారు శ్రీసభ (కతోలిక సంఘం) అంతటికీ అధికారపూర్వకంగా చేసే నిర్ణయానికే వర్తిస్తుంది. 1950లో మరియతల్లి మోక్షారోపణాన్ని (ఆమె ఆత్మశరీరాలతో మోక్షానికి కొనిపోబడటాన్ని) ప్రకటించడం అలాంటి నిర్ణయం. ఒక గదిలో ఎవరిని పలకరించారన్నది ఆ కోవలోకి రాదు. పైగా, శ్రీసభ మేలు కోసం తమ అభిప్రాయాన్ని గురువులకు తెలియజేసే హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా, విశ్వాసులకు ఉందని 1983 నాటి శ్రీసభ చట్టం 212వ నియమం గౌరవ మర్యాదలను గుర్తుచేస్తూనే చెబుతోంది. అందుచేత నన్ను అడిగినవారిని నేను ఎన్నడూ గద్దించలేదు. సమావేశం జరిగిన ఎనిమిది రోజుల తరువాత గాని స్పష్టమైన వివరణ రాలేదు, అది కూడా డేవిస్ తరపు న్యాయవాదులు విషయాన్ని బయటపెట్టాకే వచ్చింది. మొదట ధ్రువీకరించడానికీ ఖండించడానికీ ఇష్టపడని ఆ మౌనమే ఇంత దూరంలో ఉన్న మా ఊళ్లలో కూడా అనుమానాన్ని పెంచిందని నేను నమ్ముతున్నాను.