లండన్–న్యూయార్క్: దూరం ఒక్కటే, గంటలే వేరు

లండన్ నుంచి న్యూయార్క్‌కు ఆకాశమార్గంలో సుమారు 5,550 కిలోమీటర్లు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూస్తే అది ఉత్తరానికి వంగి, ఐర్లాండ్ మీదుగా, కెనడా తూర్పు కొసను తాకుతూ పోతుంది. దూరం ఇంత కచ్చితంగా తెలిసినా ప్రయాణం ఎన్ని గంటలంటే మాత్రం ఒక్క మాటలో చెప్పలేం. వెళ్లేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకో లెక్క. కారణం గాలి.

అట్లాంటిక్ మీద గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు ఆ గాలిని నమ్ముకునే ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి విమానంలో బయలుదేరారు. ఎక్కడా ఆగకుండా దాదాపు 16 గంటలు ఎగిరి ఐర్లాండ్‌లోని ఒక బురదనేలలో దిగారు. ఎదురుగాలిలో, అంటే యూరప్ వైపు నుంచి, ఒక విమానం ఆగకుండా సముద్రం దాటడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. 1928లో బ్రెమెన్ అనే విమానం ఐర్లాండ్ నుంచి బయలుదేరి 36 గంటలకు పైగా ఎగిరి కెనడా తీరంలోని ఓ చిన్న దీవిలో దిగింది. ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే గాలి బలం ఎంతో అర్థమవుతుంది.

జెట్ విమానాలు వచ్చాక కూడా ఆ తేడా పోలేదు. 1958 అక్టోబర్ 4న కామెట్ విమానాలు రెండు వైపులా ప్రయాణికులను తీసుకెళ్లాయి. న్యూయార్క్ నుంచి లండన్‌కు 6 గంటల 11 నిమిషాలే పట్టింది. లండన్ నుంచి వెళ్లిన విమానం మాత్రం ఇంధనం కోసం న్యూఫౌండ్‌లాండ్‌లోని గాండర్‌లో ఆగాల్సి వచ్చింది, అది చేరేసరికి 10 గంటలు దాటింది.

ఆ తర్వాత కాంకార్డ్, ధ్వని కంటే వేగంగా ఎగిరే ప్రయాణికుల విమానం. 1977 నుంచి 2003 దాకా ఇదే దారిని సుమారు మూడున్నర గంటల్లో దాటింది. ఉదయం లండన్‌లో ఎక్కినవాళ్లు, గడియారం ప్రకారం ఎక్కిన సమయం కంటే ముందే న్యూయార్క్‌లో దిగేవారు! కానీ సుమారు వంద సీట్ల కోసం అది తాగే ఇంధనం చాలా ఎక్కువ. ధ్వనిని మించిన వేగంతో నేల మీదుగా ఎగరనివ్వకపోవడంతో దానికి సముద్రపు దారులే మిగిలాయి. 2000లో పారిస్ దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత అది ఎంతో కాలం నిలవలేదు. నా దృష్టిలో అది పెద్ద నష్టమే. దాని బదులు అంత వేగంగా వెళ్లే విమానం ఇప్పటికీ రాలేదు.

వేగంలో వెనక్కి వచ్చినా, దారి ఎంచుకోవడంలో ముందుకు వెళ్లారు. ఒకప్పుడు రెండు ఇంజిన్ల విమానం, ఒక ఇంజిన్ ఆగిపోయినా, 60 నిమిషాల్లో ఏదో ఒక ఎయిర్‌పోర్టు చేరగలిగేంత దగ్గరలోనే ఎగరాలి. 1985లో ఆ హద్దును 120 నిమిషాలకు పెంచడంతో అలాంటి విమానాలకు సముద్రం మీద తిన్నని దారి దొరికింది.

ఇప్పుడు తూర్పుకు ఆరున్నర నుంచి ఏడు గంటలు, పడమరకు ఏడున్నర నుంచి ఎనిమిది గంటలు మామూలు. తుపాను గాలి తోడైన 2020 ఫిబ్రవరిలో ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 5 గంటల లోపే చేరింది. అందుకే సముద్రం మీది దారులను ఏ రోజుకారోజు గాలిని బట్టి గీస్తారు. పడమరకు పోయే విమానం ఎదురుగాలిని తప్పించుకోవడానికి కొన్ని రోజులు బాగా ఉత్తరానికి తిరిగి, ఎక్కువ దూరం ఎగిరి కూడా ముందే చేరుతుంది.