మాల్కమ్ ఎక్స్ అంటే కింగ్ కథలో విలన్ కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అమెరికా చరిత్ర పేపర్లు దిద్దడానికి కూర్చుంటే కట్టలో సగానికి పైగా జవాబులు ఒకే వాక్యంతో మొదలవుతాయి. "మార్టిన్ లూథర్ కింగ్ అహింసావాది, మాల్కమ్ ఎక్స్ హింసావాది." ఇద్దరూ అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన నాయకులే. కానీ గైడ్‌లో అదే, కోచింగ్ నోట్సులో అదే, యూట్యూబ్ వీడియోల్లోనూ అదే. మనమే పిల్లలకు మితవాదులు, అతివాదులు అని రెండు గళ్లు గీసి నేర్పాం కాబట్టి, ఏ దేశపు ఉద్యమం కనిపించినా ఒకర్ని గోఖలే గడిలో, ఇంకొకర్ని తిలక్ గడిలో కూర్చోబెట్టేస్తారు. పీజీలో ఈ పేపరు చెబుతూ నేను ఎక్కువగా తలబాదుకునేది ఈ ఒక్క అపోహతోనే.

సరే, హింస అంటున్నారు కదా, మాల్కమ్ ఎక్కడ చేశాడో ఒక్కటి చూపించండి. 1946లో జైలుకెళ్లింది దొంగతనం కేసులో. అప్పటికి ఆయనకు రాజకీయాలే లేవు. జైల్లో ఉండగానే నేషన్ ఆఫ్ ఇస్లామ్ అనే నల్లజాతి ముస్లిం సంస్థలో చేరాడు. 1952లో విడుదలయ్యాడు, 1965లో చనిపోయాడు. ఈ మధ్యకాలంలో ఆయన ముందుండి నడిపించిన దాడి గానీ, అల్లరి గానీ ఒక్కటీ లేదు. చేసిందల్లా మాట్లాడటం. కొడితే తిరిగి కొట్టే హక్కు మాకూ ఉంది అన్నాడు. ఆత్మరక్షణ హక్కు ఆ దేశంలో తెల్లవాడు అడిగితే చట్టం, నల్లవాడు అడిగితే హింస, అంతే తేడా.

1957లో న్యూయార్క్‌లో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో జరిగింది నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. జాన్సన్ హింటన్ అనే నేషన్ సభ్యుణ్ణి పోలీసులు తల పగిలేలా కొట్టి స్టేషన్లో పడేశారు. మాల్కమ్ మనుషులు స్టేషన్ బయట వరుసకట్టి నిలబడ్డారు, ఒక్కరూ నోరు మెదపలేదు. వెనక జనం పెరిగిపోతున్నారు. ఆయన లోపలికెళ్లి ఆంబులెన్స్ వచ్చేదాకా కదలనన్నాడు. హింటన్‌ని ఆసుపత్రికి పంపించాక, చివర్లో బయటికొచ్చి చెయ్యి ఎత్తి సైగ చేస్తే అంతమందీ చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయారు. ఒక్క మనిషికి ఇంత పట్టు ఉండకూడదని అక్కడున్న ఓ పోలీసు అధికారి అన్నాడట. అల్లరి పుట్టాల్సిన చోట దాన్ని ఆపిన మనిషిని మనం ఏ గడిలో వేస్తున్నాం?

ఆ తుపాకీ ఫొటో సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే స్లైడ్ మీద అది పెట్టగానే క్లాసంతా "చూశారా సార్" అంటుంది. సూటు, టై, ఒక చేత్తో కిటికీ పరదా పక్కకు జరిపి బయటికి చూస్తున్నాడు, ఇంకో చేతిలో రైఫిల్, గొట్టం పైకి ఉంది. అది 1964 నాటిది. నేషన్ నుంచి బయటికొచ్చాక చంపుతామని బెదిరింపులు వస్తున్న రోజులు. బెదిరింపులు ఉత్తివి కావు, 1965 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున ఇంటి మీద పెట్రోలు బాంబులు పడ్డాయి, లోపల భార్య, నలుగురు ఆడపిల్లలు నిద్రపోతున్నారు. ఇంకో విషయం చెబితే క్లాసు సైలెంటైపోతుంది: 1956లో మాంట్‌గోమరీలో తన ఇంటి మీద బాంబు పడ్డప్పుడు కింగ్ కూడా తుపాకీ పర్మిట్‌కి అప్లై చేశాడు. ఇవ్వలేదు.

వీళ్లిద్దరూ కలిసింది ఒక్కసారే, 1964 మార్చి 26న, పౌరహక్కుల బిల్లు మీద చర్చ జరుగుతున్న సెనేట్ దగ్గర. ఫొటోలో ఇద్దరూ నవ్వుతూ చేతులు కలుపుతున్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కింగ్ అలబామా రాష్ట్రంలోని సెల్మాలో జైల్లో ఉంటే మాల్కమ్ అక్కడికెళ్లి చర్చిలో మాట్లాడాడు. కింగ్ భార్య కొరెట్టాతో, మీ ఆయన పని కష్టం చేయడానికి రాలేదు, రెండో దారి ఎలా ఉంటుందో తెల్లవాళ్లకు తెలిస్తే ఆయన మాట వింటారేమో అని వచ్చాను అన్నాడు. అలాగని కింగ్ అప్పట్లో అందరి ముద్దుబిడ్డేమీ కాదు. 1966 గాలప్ సర్వేలో 63 శాతం మంది ఆయన మీద ప్రతికూలంగానే చెప్పారు. మంచివాడు, చెడ్డవాడు అనే ఈ జంట ముచ్చట చాలావరకు తర్వాత అల్లిందే.

మార్కులు పోతే పోయాయి, అసలు నష్టం ఇంకోటి. పిల్లలు థీసిస్ టాపిక్ వదిలేసుకుంటున్నారు. ఓ అమ్మాయి వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి, "మాస్టారూ, రేపు అమెరికాకి అప్లై చేద్దామనుకుంటోంది, ఇలాంటి ఉగ్రవాది మీద రాస్తే ఏమన్నా ఇబ్బందా" అని అడిగారు. ఆయన్ని తప్పుపట్టలేను, లక్షల అప్పు, ఆ టెన్షన్ నిజం. వీసా సంగతి నా చేతుల్లో లేదు గానీ, ఆయన బొమ్మతో 1999లో అమెరికా ప్రభుత్వమే తపాలా బిళ్ల వేసిందండీ, న్యూయార్క్‌లో ఆయన పేరుతో పెద్ద వీధే ఉందండీ అన్నాను. అమ్మాయి ఆ టాపిక్కే తీసుకుంది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా.

"చచ్చేదాకా తెల్లవాళ్లను ద్వేషించాడు." పన్నెండేళ్లు తెల్లవాళ్లు దెయ్యాలని ప్రచారం చేసిన మాట నిజం, దాన్ని కప్పిపుచ్చక్కర్లేదు. 1964లో మక్కా వెళ్లొచ్చాక ఆ సిద్ధాంతాన్ని బహిరంగంగా వదిలేశాడు. అంతకుముందోసారి ఓ తెల్ల కాలేజీ అమ్మాయి వచ్చి, నేనేం చేయగలను అని అడిగితే "ఏమీ లేదు" అని పంపేశాడు. ఆ మాట అన్నందుకు తర్వాత బాధపడ్డాడు.

"బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టింది ఆయనే." కాదు, నల్లవాళ్ల ఆత్మరక్షణ కోసం పుట్టిన ఆ పార్టీని 1966 అక్టోబర్‌లో ఓక్లండ్‌లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ పెట్టారు, అప్పటికి ఈయన లేడు. ప్రభావం మాత్రం ఈయనదే. ఆ పేరు చూసే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది.

"అదంతా అమెరికా ఇంటి గొడవ, మనకెందుకు." నల్లవాళ్ల సమస్యను మానవ హక్కుల సమస్యగా ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లాలని ఆయన 1964లో కైరోలో ఆఫ్రికా దేశాధినేతల మద్దతు కోరాడు. నల్లవాళ్లు సమితికి పెట్టుకున్న అర్జీ కాపీ పంపమని అంబేడ్కర్ 1946లోనే అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయ్స్‌కి ఉత్తరం రాశారు. ఇక మాల్కమ్ ఆత్మకథను ఆయన చెబుతుంటే రాసింది అలెక్స్ హేలీ, అదే, మన ఇళ్లల్లో ఉండే "ఏడు తరాలు" నవల మూల రచయిత.

"చంపినవాళ్లు ముగ్గురూ దొరికారు, కేసు క్లోజ్." 1965 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లోని ఆడుబాన్ బాల్‌రూమ్ అనే హాల్లో కాల్చి చంపారు, ఆయనకు 39 ఏళ్లు. శిక్ష పడ్డ ముగ్గురిలో నేరం ఒప్పుకున్నది ఒక్కడే, వాడే మిగతా ఇద్దరికీ సంబంధం లేదని కోర్టులో చెప్పాడు. ఎవరూ వినలేదు. ఎఫ్‌బీఐ, న్యూయార్క్ పోలీసులు ఆధారాలు దాచారని తేలి 2021 నవంబర్‌లో ఆ ఇద్దరి శిక్షలు కొట్టేశారు, అందులో ఖలీల్ ఇస్లామ్ 2009లోనే చనిపోయాడు. మరుసటి ఏడాది నగరం, రాష్ట్రం కలిపి 3.6 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నాయి. హంతకులు ఆ ముగ్గురే అని రాసిన పాత గైడ్లు ఇంకా అమ్ముతూనే ఉన్నారు, కొనేముందు ప్రింటయిన సంవత్సరం చూసుకోండి.