పొగచూరు వాసన వేరు, పొగ రుచి వేరు: ఇంట్లో స్మోకింగ్‌పై అపోహలు – వాస్తవాలు

"ఆదివారాలు ఏం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే "డాబా మీద స్మోకింగ్" అని చెప్పడం మానేశాను. కింది పోర్షన్ పెద్దాయన ఒకసారి ఊపిరితిత్తుల గురించి అరగంట క్లాసు పీకాక బుద్ధొచ్చింది. ఇప్పుడు "పొగ మీద వండుతాను" అంటున్నా. అమెరికాలోని ఆస్టిన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో పట్టుకున్న పిచ్చి ఇది, హైదరాబాద్ వచ్చేసినా వదల్లేదు. అక్కడ సెంట్రల్ టెక్సస్‌లో పోస్ట్ ఓక్ కట్టె మీద బ్రిస్కెట్‌ని, అంటే గొడ్డు ఛాతీ మాంసాన్ని, పన్నెండు గంటలు, అంతకు మించి కూడా పెడతారు. ఇక్కడ నేను మామిడి కట్టె మీద మేక తొడ పెడతాను. డాబా మీదికి వచ్చి కూర్చునే స్నేహితులు పదే పదే అనేవీ, ఒకప్పుడు నేనే నమ్మి చేతులు కాల్చుకున్నవీ కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: పొగ ఎంత దట్టంగా ఉంటే రుచి అంత బాగా పడుతుంది

అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే. అసలు తెలుగులో "పొగచూరింది" అన్న మాటే ఒక ఫిర్యాదు. పొగచూరిన ఉప్మా ఎవరైనా తింటారా? ఆ సంగతి మర్చిపోయి నా మొదటి కోడికి రెండు గంటలపాటు తెల్లటి పొగ పట్టించాను. మూత సందుల్లోంచి పొగ బుసలు కొడుతుంటే ఫొటోలు కూడా తీసుకున్నాను. తీరా తీసి చూస్తే బాయిలర్‌లోంచి లాగిన గుడ్డలా ఉంది. చేదు. నాలుక చివర మొద్దుబారింది. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "పొగచూరిందిరా" అని పళ్లెం పక్కకి జరిపేసింది.

తెల్లగా, దట్టంగా వచ్చే పొగ గాలి అందక ఉక్కిరిబిక్కిరవుతున్న నిప్పుది. కట్టె సగం సగం కాలి, తారు లాంటి జిడ్డు, మసి వెళ్లి మాంసం మీద కూర్చుంటాయి. గాలి బాగా ఆడే చిన్న నిప్పు నుంచి వచ్చే పొగ దాదాపు కనిపించదు. ఎండకి అడ్డంగా నిలబడి చూస్తే పలచటి నీలం ఛాయ తెలుస్తుంది, అంతే. కట్టెలో లిగ్నిన్ అనే పదార్థం వేడికి విడిపోయి గ్వయకాల్, సిరింగాల్ లాంటివి పుడతాయి. మనం పొగ రుచి, పొగ వాసన అనుకునేది ముఖ్యంగా వాటినే. అవి చేరడానికి ఊరంతా కమ్మేసే పొగ అక్కర్లేదు.

నా పద్ధతి చెప్తాను. కెటిల్ గ్రిల్ అనే మూత ఉన్న గుండ్రటి బొగ్గుల పొయ్యిలో గోడ వెంబడి బొగ్గు బిళ్లల్ని రెండు వరసలు, వాటిపైన ఇంకో రెండు వరసలు, పాము చుట్టుకున్నట్టు సగం చుట్టు పేరుస్తాను. ఒక కొసన ఆరేడు నిప్పు కణికలు పెడితే, నిప్పు దానంతట అదే నెమ్మదిగా పాకుతూ పోతుంది. అక్కడక్కడా పిడికిలంత కట్టె ముక్కలు, మొత్తం మూడో నాలుగో. మూత మీది వెంట్, అంటే గాలి కన్నం, పూర్తిగా తెరిచే ఉంచుతాను. వేడి పెంచాలన్నా తగ్గించాలన్నా కింది వెంట్‌తోనే. లోపల 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలబడితే చాలు. మాంసం పెట్టే ముందు పై వెంట్ మీద అరచేయి ఒకసారి ఆడించి వాసన చూసుకుంటాను. ముక్కుకి కమ్మగా తగిలితే పెడతాను, కళ్లు మండితే ఆగుతాను. మొదటి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగాల్సిందే. ఆ కాసేపు ఆగలేకే చాలామంది వంట పాడుచేసుకుంటారు.

అపోహ: కట్టె ముక్కల్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి

అక్కర్లేదు. రాత్రంతా నానిన మామిడి ముక్కని పొద్దున చీల్చి చూశాను. పైపైన చెమ్మ, లోపల పొడిపొడి. ఎలాగూ ఆ నీరంతా ఆవిరై పోయాకే కట్టె రాజుకుంటుంది. ఈలోగా నిప్పు చల్లబడి, ఇందాక చెప్పిన తెల్ల పొగ మొదలవుతుంది. కట్టె ఆరు నెలలైనా ఎండి ఉండాలి, ముక్క పెద్దదిగా ఉండాలి. పొట్టు, పేళ్లు అయితే పది నిమిషాల్లో భగ్గుమని అయిపోతాయి.

అపోహ: మంచి కట్టె అమెరికాలోనే దొరుకుతుంది

హికరీ, ఆపిల్, చెర్రీ అని సంచుల మీద రాసి ఇక్కడ అమ్మే ధర చూస్తే నవ్వొస్తుంది. మామిడి, జామ, చింత మన దగ్గర లేవా? జామ నాకు చాలా ఇష్టం, కోడికి, చేపకి బాగా నప్పుతుంది. చింత గట్టి కట్టె, నిదానంగా కాలుతుంది, మేక మాంసానికి పెడతాను.

అసలు విచిత్రం సర్కారు తుమ్మ. చెరువు గట్ల మీద, రైలు పట్టాల పక్కన, ఎవరూ నాటకుండానే పెరిగి పొలాల్ని మింగేస్తుందని మనం తిట్టుకునే ఆ ముళ్ల చెట్టు, టెక్సస్ వాళ్లు గొప్పగా చెప్పుకునే మెస్కీట్‌కి దగ్గరి చుట్టం. అమెరికా ఖండాల నుంచే ఇక్కడికి వచ్చింది. ఆస్టిన్‌లో డబ్బు పెట్టి కొనుక్కున్న కట్టెకి సొంత చుట్టం మా ఊరి చెరువు కట్ట మీద ఊరికే పడుంటుందని తెలిసిన రోజు కాస్త బాధేసింది కూడా. కాకపోతే మెస్కీట్ జాతి పొగ ఘాటు. గంటలోపు అయిపోయే వంటకైతే సరే, ఆరు గంటల తొడకి అదే పెడితే చేదెక్కుతుంది.

ఏది పడితే అది మాత్రం కాల్చకండి. గన్నేరు చెట్టు మొత్తం విషమే, దాని పొగ కూడా. ప్లైవుడ్, రంగులేసిన పాత తలుపు చెక్క, మందు పట్టించిన కలప వద్దే వద్దు. పైన్ లాంటి జిగురు చెట్ల చెక్క కూడా పనికిరాదు, సామాన్లు ప్యాక్ చేసి వచ్చే పెట్టెలు ఎక్కువగా అవే.

అపోహ: ఉష్ణోగ్రత పెరగడం ఆగిందంటే నిప్పు చచ్చినట్టే

మా వీధి చివర మటన్ కొట్లో తొడ అడిగితే, కత్తి పైకెత్తి "ఎంత సైజు ముక్కలు?" అంటాడు. మొదటిసారి "కొట్టొద్దన్నా, అట్లనే ఇయ్యి" అన్నప్పుడు ఆ కత్తి గాల్లోనే ఆగింది. "గింత పెద్దది ఏం జేస్తవ్?" అన్నాడు. పొగ పెడతానంటే కొట్లో ఉన్న నలుగురూ నావైపు తిరిగారు.

ఆ తొడకి ఉప్పు, మిరియాలు, కాస్త ధనియాల పొడి రాసి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున ఎనిమిదింటికి గ్రిల్ ఎక్కించాను. గుచ్చిన థర్మామీటర్ పదకొండింటికల్లా 67 డిగ్రీలకి వచ్చింది. ఒంటిగంటకల్లా భోజనం అని అందరికీ ఫోన్లు చేశాను. ఒంటిగంటకి అది 68. రెండింటికి కూడా 68. మూత తీసి చూడటం, ఊదడం, బొగ్గు పోయడం, మళ్లీ తీసి చూడటం. మా బావమరిది ఆకలికి ఆగలేక రెండున్నరకి బిరియానీ ఆర్డర్ పెట్టేశాడు.

దీన్ని అక్కడి వాళ్లు "స్టాల్" అంటారు. 65 నుంచి 75 డిగ్రీల మధ్య ఎక్కడో పెద్ద ముక్క గంటల తరబడి మొరాయిస్తుంది. కొవ్వు కరగడం వల్లే అని చాలాకాలం చెప్పుకున్నారు. కారణం అది కాదు. గ్రెగ్ బ్లాండర్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చూపించాడు, ఇది చెమట వ్యవహారమని. మాంసంలోని నీరు పైకి ఊరి ఆవిరవుతూ ముక్కని చల్లబరుస్తుంది, లోపలికి వచ్చే వేడి అంతా దానికే సరిపోతుంది. ఎండాకాలం కొత్త కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకి ఒకరు చెప్పాలా? అదే ఇది. పైతడి ఆరిపోగానే అంకె దానంతట అదే కదులుతుంది. అంతసేపు ఆగలేమంటే ఫాయిల్‌లో బిగించి చుట్టేయాలి, ఆవిరి పోయే దారి మూసుకుంటే స్టాల్ తొందరగా దాటుతుంది. నేను ముందు అరటాకు చుట్టి, పైన ఫాయిల్ చుడతాను.

మూత తీసి తీసి చూడటం మాత్రం నేను చేసిన అసలు తప్పు. తీసిన ప్రతిసారీ పోగైన వేడి అంతా పోతుంది.

దీనికి తోకలాంటి అపోహ ఇంకొకటుంది: ఉడికితే మెత్తబడినట్టే అని. కోడి లోపల 74 డిగ్రీలు తగిలితే తినడానికి భయం లేదు, దించేయొచ్చు. మేక తొడ 74 దగ్గర తినడానికి నిక్షేపంగా ఉంటుంది, కానీ తోలు చెప్పు నమిలినట్టుంటుంది. కండని పట్టి ఉంచే కొల్లాజెన్ ఈ పద్ధతిలో బాగా కరిగి జిగురుగా మారాలంటే దాదాపు 90 దాకా రావాలి, పైగా ఆ వేడిలో కొంతసేపు ఉండాలి. చివరికి నేను చూసేది అంకె కాదు, పుల్ల. వెదురు పుల్ల గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగాలి. ఆ రోజు తొడ అయిదున్నరకి అయింది. బిరియానీ తిన్నవాళ్లే మళ్లీ కూర్చుని ఎముక దాకా వదల్లేదు.

అపోహ: లోపల గులాబీ రంగుంటే పచ్చిగా ఉన్నట్టు

మా ఇంటికొచ్చిన వాళ్లలో సగంమంది దీని దగ్గరే ఆగిపోతారు. పొగ మీద వండిన మాంసం కోస్తే అంచు వెంబడి అరంగుళం లోపు గులాబీ పట్టీ కనిపిస్తుంది. నిప్పులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వాయువులు మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగుని అలా నిలబెట్టేస్తాయి. పచ్చిదనానికీ దానికీ సంబంధం లేదు. అలాగని పట్టీ ఉంటే గొప్ప వంట అని కూడా కాదు, దానికి రుచి లేదు. ఉడికిందా లేదా అన్నది థర్మామీటర్‌నే అడగాలి.

అపోహ: పొగ పట్టిస్తే బయట పెట్టినా పాడవదు

ఇది ప్రమాదం, అందుకే గట్టిగా చెప్తున్నా. పాతకాలం నిల్వ పద్ధతుల్లో ఉప్పు, ఆరబెట్టడం, పొగ మూడూ కలిసి పనిచేస్తాయి. లక్షద్వీప్‌లో ట్యూనాతో చేసే 'మాస్' చూడండి. ఉడికించి, పొగ పెట్టి, చెక్కముక్కలా అయ్యేదాకా ఎండబెడతారు. మనం ఆదివారం చేసుకునేది రసాలు ఊరే మాంసం. మామూలు కూరకి ఎంత ఆయుష్షో దీనికీ అంతే. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి.

కోల్డ్ స్మోకింగ్ అని ఇంకో పద్ధతుంది, 30 డిగ్రీల లోపు చల్లటి పొగలో ఉంచడం. పచ్చి చేపనీ మాంసాన్నీ అలా చేయాలంటే ఉప్పు, నిల్వకి వాడే నైట్రైట్ అనే లవణం కొలతలు తెలిసుండాలి. తేడా వస్తే బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం దాకా పోవచ్చు. నేను చేయను, మీకూ చెప్పను. ఛీజ్, వెన్న, ఉప్పు, ఎండుమిరపకాయలకైతే డిసెంబరు తెల్లవారుజాములు బ్రహ్మాండంగా ఉంటాయి. మే నెలలో మన డాబా మీద 30 డిగ్రీలంటే జోకు.

అపోహ: లక్షలు పోసి యంత్రం కొనాలి, లేదంటే గిన్నెలో బొగ్గు చాలు

రెండూ కాదు. ఈ గుండ్రటి కెటిల్ గ్రిల్ పుట్టిందే అతుకుల మీద. 1952లో షికాగోలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తను పనిచేసే కార్ఖానాలో తయారయ్యే లోహపు బోయాల (నీళ్ల మీద తేలే గుర్తు గోళాల) సగభాగాలతో, గాలికి నిప్పు ఆరిపోకుండా మూత ఉన్న పొయ్యి చేసుకున్నాడు. పాత ఇనప డ్రమ్ముకి కన్నాలు పెట్టినా పనవుతుంది, లోపలి రంగూ నూనే పూర్తిగా కాల్చేశాక.

హైదరాబాదీ ఇళ్లలో దమ్ గిన్నె మధ్యలో కటోరీ పెట్టి, కణిక మీద నెయ్యి చుక్క వేసి మూసే ధుంగార్ నాకూ ఇష్టమే. కానీ అది నెయ్యి పొగ పరిమళం అద్దడం, అయిదు నిమిషాల పని. ముక్కని వండదు, మెత్తబరచదు.

ఒక్కటి మాత్రం బేరం లేదు. బొగ్గు ఇంట్లో వద్దు. వంటింటి చిమ్నీ వేసినా, కిటికీ తెరిచినా వద్దు, మూసిన బాల్కనీలోనూ వద్దు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గు నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు.

అపోహ: ప్రకృతి సహజమైన వంట కాబట్టి ఆరోగ్యం

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. నిల్వకీ రుచికీ పొగ పెట్టినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని వాళ్ల లెక్క. కొవ్వు నిప్పు మీద పడి లేచే పొగ ఇంకా చెడ్డది, అందుకే ముక్క కింద ఎప్పుడూ నీళ్ల పళ్లెం పెడతాను. మా ఇంట్లో నెలకి ఒకటో రెండో ఆదివారాలు, అంతకి మించదు.

అపోహ: ఇది మాంసం తినేవాళ్ల సరదా

వంకాయ కాల్చి పచ్చడి చేసుకునే జాతిని పట్టుకుని ఈ మాట అంటారేమిటో! దాలిలో పిడకల సెగ మీద పొద్దంతా కాగిన పాలకి ఎర్రటి మీగడ కట్టేది, ఆ పాలు తోడేసిన పెరుగులో పొగ వాసన లీలగా ఉండేది. పొగలోని రుచి పదార్థాలు కొవ్వుని బాగా పట్టుకుంటాయి, చల్లగా, తడిగా ఉన్న పైభాగానికి ఇట్టే అతుక్కుంటాయి. అందుకే వెన్న, పన్నీర్ ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెడితే ముప్పావు గంట కూడా పట్టదు. వెల్లుల్లి గడ్డలు పొట్టుతోనే రెండు గంటలు పెట్టి పప్పులో తిరగమోత వేయండి. టమాటాలు పొగ పట్టించి రోటిపచ్చడి నూరితే అన్నం చాలదు.

పోయిన డిసెంబరులో ఒక పొద్దున ఇంట్లో చిలికిన వెన్నని గిన్నెలో వేసి, కింద మంచుగడ్డల పళ్లెం పెట్టి, జామ కట్టె పొట్టు పొగలో అరగంట ఉంచాను. కాచి నెయ్యి చేసి, అమ్మకి ఏమీ చెప్పకుండా ముద్దపప్పులో వేశాను. ఆవిడ కలిపి, ఒక ముద్ద తిని, ఆగి, మళ్లీ వాసన చూసింది.

"దాలి వాసనలా ఉందే," అంది. నేను గర్వంగా ఏదో చెప్పబోతుంటే రెండో ముద్ద కలుపుతూ, "కానీ పొగ కొంచెం ఎక్కువైందిరా," అంది.